ముగ్గురాయి దుమ్ము.. ఎర్రబడే కళ్లు: నిర్లక్ష్యం చేస్తే చూపునకే ముప్పు

ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట పేరు చెప్పగానే ముగ్గురాయి గుర్తుకు వస్తుంది. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాలలో ఒకటి ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ గనిలో తవ్విన రాయి చుట్టుపక్కల మిల్లులలో పిండిగా మారి, చమురు బావుల తవ్వకానికి తరలిపోతుంది. రాయిని పగులగొట్టడం, పిండి చేయడం, బస్తాలకు నింపడం, లారీలకు ఎత్తడం.. ప్రతి దశలోనూ దుమ్ము లేస్తుంది. దుమ్ము అనగానే ఊపిరితిత్తుల గురించే అందరూ ఆలోచిస్తారు. అయితే ఆ దుమ్మును నేరుగా ఎదుర్కొనే మరో సున్నితమైన అవయవం కన్ను.

శోథ అంటే ఏమిటి?

దెబ్బ తగిలినా, క్రిములు చేరినా, సరిపడని పదార్థం తగిలినా శరీరం ఆ భాగానికి రక్తప్రసరణను పెంచి, రక్షణ కణాలను పంపుతుంది. ఫలితంగా ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలుగుతాయి. దీనినే వైద్యులు శోథ అంటారు. చర్మంపై ఇది మానిన తరువాత చిన్న మచ్చ మిగిలినా ఇబ్బంది లేదు. కన్ను అలా కాదు. నల్లగుడ్డుపై ఉండే పారదర్శకమైన పొర మీద మచ్చ పడితే వెలుతురు లోపలికి సరిగా చేరదు. పల్లెల్లో కంటిలో పువ్వు పడిందనేది ఈ మచ్చనే. అందుకే కంటి శోథను సకాలంలో, సరైన మందుతో అదుపు చేయాలి.

ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు. ఇది నీటిలో కరగదు. ఎక్స్‌రే పరీక్షలలో రోగులచేత తాగించే బేరియం కూడా శుద్ధిచేసిన ఇదే పదార్థం. కనుక దుమ్ములో విషం కంటే ఒరిపిడితోనే కంటికి బాధ ఎక్కువ. పదునైన రాతిపలుకు నల్లగుడ్డును గీరితే, ఆ గీతలోకి క్రిములు సులభంగా ప్రవేశిస్తాయి.

అన్ని ఎరుపులూ కండ్లకలక కాదు

కండ్లకలక: ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. 2023 వర్షాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ విస్తృతంగా వ్యాపించింది. కళ్లు ఎర్రబడి, నీరు కారి, ఊసులు కడతాయి. సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు.

అలర్జీ: విపరీతమైన దురద దీని ముఖ్య లక్షణం. ఎండ, దుమ్ము ఎక్కువగా ఉన్నప్పుడు పిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలో తీవ్రమవుతుంది.

నల్లగుడ్డుపై పుండు: నలుసు పడిన తరువాతగాని, ఆకు లేదా కొమ్మ కొట్టుకున్న తరువాతగాని నొప్పి, నీరు కారడం, తెల్లటి మచ్చ కనిపించడం దీని లక్షణాలు. కోడూరు ప్రాంతపు మామిడి, అరటి, బొప్పాయి తోటలలో పనిచేసేవారు కూడా జాగ్రత్త వహించాలి. మొక్కల వల్ల తగిలిన గాయాల ద్వారా బూజు జాతి క్రిములు కంటిలో చేరతాయి.

యువియైటిస్: ఇది కంటి లోపలి పొరలకు వచ్చే శోథ. ఊసులు ఉండవు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, లోతైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటాయి. క్షయ, కొన్ని కీళ్లవ్యాధులు దీనికి కారణం కావచ్చు. చాలామందిలో కారణం తెలియదు.

మందే ముప్పు కావచ్చు

శోథను వేగంగా తగ్గించేవి స్టిరాయిడ్ చుక్కలు. యువియైటిస్‌కు ఇవే ప్రధాన చికిత్స. వీటితోపాటు కనుపాపను విప్పార్చే మందును కూడా వాడతారు. అయితే బూజు వల్ల పుండు పడిన కంటిలో స్టిరాయిడ్ వేస్తే ఎరుపు తాత్కాలికంగా తగ్గినట్లు కనిపించినా, లోపల పుండు ముదిరి గుడ్డుకే చిల్లు పడవచ్చు. ఈ రకం పుండుకు నాటామైసిన్ చుక్కలు వాడాలి. దక్షిణ భారతంలోని అరవింద్ ఆసుపత్రులలో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మందు ఖరీదైన వోరికోనజోల్ కంటే మెరుగైన ఫలితాలనిచ్చింది.

అలర్జీ ఉన్న పిల్లలకు నెలల తరబడి స్టిరాయిడ్ వేయడం మరో ప్రమాదం. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, కటకం మసకబారి శుక్లం వస్తాయి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. సీసాపై డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు ఉంటే అది స్టిరాయిడ్ అని గుర్తించాలి. వైద్యుని చీటీ లేకుండా వీటిని వాడరాదు. ఒకరికి రాసిన చుక్కలు మరొకరు వేసుకోరాదు.

దీర్ఘకాలిక యువియైటిస్‌లో స్టిరాయిడ్ భారాన్ని తగ్గించడానికి మెథోట్రెక్సేట్ వాడతారు. ఈ మందు రూపకల్పన వెనుక భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధన ఉండటం తెలుగువారికి గర్వకారణం. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనంలో, ఈ పాత మందు కంటే మైకోఫినొలేట్ మెరుగైనదని రుజువు కాలేదు.

నలుసు పడితే..

కంటిని నలపరాదు. శుభ్రమైన నీటితో ధారగా కడగాలి. నాలుకతో, గుడ్డకొనతో, సూదితో నలుసు తీయించుకోరాదు. ఆకుపసరు, తల్లిపాలు కంటిలో పోయరాదు. సున్నం పడితే కనీసం పావుగంట నుంచి అరగంట వరకు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మిల్లుల్లో పనిచేసేవారికి మామూలు కళ్లద్దాలు చాలవు. పక్కలు మూసి ఉండే గాగుల్స్ అవసరం. ఎగిరిపడే రేణువుల నుంచి కార్మికుల కళ్లకు రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షనులోనే పేర్కొన్నారు. రాతిపై నీరు చల్లడం, యంత్రాలకు మూతలు బిగించడం ద్వారా దుమ్మును పుట్టిన చోటనే అరికట్టడం అంతకన్నా మేలు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

చూపు మసకబారినా, నొప్పి తీవ్రంగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనిపించినా, ఒక కన్నే ఎర్రబడి రెండు రోజుల్లో తగ్గకపోయినా నేత్రవైద్యుని సంప్రదించాలి. కడప, తిరుపతిలోని ప్రభుత్వ బోధనాసుపత్రులలో నేత్ర విభాగాలు ఉన్నాయి. కూలి పోతుందని ఒక రోజు వెనుకాడితే, పనిచేసే కన్నే పోవచ్చు.