పాలమూరు, నల్లగొండ ఇండ్లలో చల్లదనం: తడికె నుంచి సెన్సార్ దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలది పొడి వేసవి. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. సముద్రం దూరం కాబట్టి మధ్యాహ్నపు గాలిలో తేమ బాగా తక్కువ. గదిని చల్లబరచుకునే పాత పద్ధతుల్లో ముఖ్యమైనవి ఈ పొడిదనాన్నే వాడుకున్నాయి.

మందపు మట్టిగోడలు, డంగుసున్నపు గోడలు, గూనపెంకుల కప్పులు ఉన్న ఇండ్లలో ఎండ వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలేది. కలిగినవారి ఇండ్లలో, కచేరీల్లో గుమ్మాలకు వట్టివేరు తడికెలు కట్టి నీళ్లు చల్లేవారు. తడి ఆరుతూ గాలిలోని వేడిని లాగేసేది. ఎప్పుడు తడపాలో, ఎప్పుడు చాలించాలో మనిషి ఒంటికే తెలిసేది. తరువాత వచ్చిన కూలర్‌దీ అదే సూత్రం: తడికె బదులు గడ్డి, చల్లే చేతికి బదులు చిన్న పంపు. మామూలు కూలర్‌కు ఉష్ణోగ్రత తెలియదు. తెల్లవారుజామున చలివేస్తే ఎవరో ఒకరు లేచి స్విచ్ ఆపాల్సిందే. కోస్తాలో ఉక్కను పెంచే ఈ యంత్రం పాలమూరు మే నెలలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తొలకరి పడ్డాక ఇక్కడా దాని పని అయిపోతుంది. ఈ జిల్లాల ఇండ్లలోకి ఏసీ ఆలస్యంగా రావడానికి ధర, కరెంటు కోతలతోపాటు కూలర్ పనితనమూ ఒక కారణమే అనుకోవాలి.

ఆపే పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన చలిదేశాలది. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు 1883లో గది ఉష్ణోగ్రతను కనిపెట్టే విద్యుత్ పరికరానికి పేటెంట్ పొందాడు. తరగతి గదులు వెచ్చగా ఉండాలన్నది అతని అవసరం. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలి తేమను అదుపు చేసే ఏర్పాటును రూపొందించాడు. ఈ రెండు దారులూ కలిసిన చోటే నేటి ఏసీ ఉంది.

పాత కిటికీ ఏసీల్లో సన్నని రాగిగొట్టం, దాని చివర చిన్న బల్బు ఉండేవి. గాలి వేడెక్కితే లోపలి వాయువు వ్యాకోచించి స్విచ్‌ను కలిపేది, కంప్రెషర్ మొదలయ్యేది. చల్లబడితే కట్ అయ్యేది. స్ప్లిట్ ఏసీల్లో ఆ చోటికి థర్మిస్టర్ వచ్చింది. ఇది వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న పూస. సిల్వర్ సల్ఫైడ్‌కు ఈ గుణం ఉందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఆ నిరోధాన్ని చదివిన బోర్డు, రిమోట్‌లో పెట్టిన అంకెతో పోల్చుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెషర్‌ను ఆపకుండా వేగం తగ్గిస్తుంది. మంచు పేరుకోకుండా కాయిల్ మీద మరో సెన్సార్ కాపలా ఉంటుంది.

అయితే గది సెన్సార్ కొలిచేది మంచం దగ్గరి గాలిని కాదు, పైన బిగించిన ఏసీలోకి తిరిగొచ్చే గాలిని. గూనపెంకుల ఇండ్లు పోయి స్లాబ్ ఇండ్లు వచ్చాక చిక్కు ఇక్కడే మొదలైంది. పగలంతా కాలిన స్లాబ్ రాత్రి కూడా సెగ చిమ్ముతుంది. పై అంతస్తులో సెన్సార్ దగ్గర కోరిన అంకె ఎంతకీ రాదు, కంప్రెషర్‌కు విరామం ఉండదు. గ్యాస్ తగ్గిందని మెకానిక్‌ను పిలిచే ఇండ్లలో చాలాచోట్ల అసలు దోషం కప్పుదే.

ఏసీ అంకె మీద ప్రభుత్వం ముందే దృష్టి పెట్టింది: 2020 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే స్టార్ రేటింగ్ గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన తెచ్చింది. కప్పు సంగతి మాత్రం 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ (చల్లని కప్పు) విధానంతో ప్రభుత్వ లెక్కలోకి వచ్చింది.