గాజుతొట్టిలో పగడం, చుక్కచుక్కగా సున్నపుతేట

రాతి పగడాన్ని ఇంట్లో గాజుతొట్టిలో బతికించడానికి మనుషులు దాదాపు ముప్పై ఏళ్లు తంటాలు పడ్డారు. ఎన్ని పంపులు, ఎన్ని ఫిల్టర్లు మార్చినా లొంగని ఆ ప్రాణిని దారికి తెచ్చినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది సున్నపుతేట. తాంబూలానికీ గోడలకూ మనం వాడుకునే ఆ సున్నమే. ఈ మాట నెల్లూరు తీరాన చిల్లకూరు మండలంలో ఏ రొయ్యల గుంట గట్టు మీద చెప్పినా ఎవరూ నోరెళ్లబెట్టరు. 'పెంకు కట్టాలంటే సున్నం ఉండొద్దా?' అనేసి ఊరుకుంటారు.

ఎందుకంటే ఈ లెక్క వాళ్లకు రోజూ ఉండేదే. రొయ్య మోల్టింగ్‌కి వచ్చి పాత పెంకు వదిలేశాక, కొత్త పెంకు గట్టిపడడానికి నీళ్లలోంచి కాల్షియం లాక్కుంటుంది. నీళ్లలో అది చాలకపోతే పెంకు గట్టిపడదు, అదే లూజ్ షెల్. అందుకే గుంటల్లో సున్నం చల్లుతారు, డోలమైట్ వేస్తారు, నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తి ఆల్కలినిటీ ఎంతుందో చూపించుకుంటారు. రాతి పగడం చేసే పనీ ఇదే. కాకపోతే రొయ్య పాత పెంకు వదిలేసి మళ్లీ కట్టుకుంటుంది, పగడం ఒకసారి కట్టింది వదలకుండా దాని మీదే ఇంకో పొర కడుతూ పోతుంది. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం దీనికి దూరపు చుట్టం మాత్రమే. నేను చెబుతున్నది సముద్రంలో దిబ్బలకు దిబ్బలు కట్టే రకం గురించి.

నెల్లూరు తీరంలో ఈ దిబ్బలు లేవు. పెన్నా, స్వర్ణముఖి తెచ్చే ఒండ్రుతో, వానాకాలంలో వచ్చి కలిసే మంచినీళ్లతో మన సముద్రం ఎప్పుడూ మసకే. పగడానికి కావలసింది తేట నీరు, ఎండ. దగ్గరలో చూడాలంటే రామేశ్వరం, తూత్తుకుడి వైపు మన్నార్ సింధుశాఖకు పోవాల్సిందే. ఇక తొట్టి సంగతంటారా, అది చిల్లకూరుకు పరాయిది కాదు. ఇక్కడి నుంచి కోట, వాకాడు దాకా పరుచుకున్న తెల్ల సిలికా ఇసుక లారీలకెక్కి వెళ్లేది గాజు తయారీకే.

1950 దశకంలో అమెరికాలో, యూరప్‌లో ఇళ్లలో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లకు పగడం అంటే అలంకరణ. చచ్చిన పగడపు గూళ్లు కొనుక్కొచ్చి, బ్లీచింగ్‌లో నానబెట్టి, పాలలా తెల్లగా అయ్యాక తొట్టిలో పేర్చేవాళ్లు. చుట్టూ రంగురంగుల చేపలు తిరుగుతుంటే అదే సముద్రగర్భం అనుకునేవాళ్లు. నిజానికి అది శ్మశానం. ఇనుప చట్రానికి పుట్టీ పెట్టి గాజు బిగించిన ఆనాటి తొట్లకు ఉప్పునీళ్లు తగిలితే తుప్పు, తుప్పుతో విషం. 1960ల్లో సిలికాన్ జిగురుతో గాజుకు గాజే అతికించడం వచ్చాక ఆ పీడ విరగడైంది. అదే దశకంలో పొట్లాల్లో కట్టిన కృత్రిమ సముద్రపు ఉప్పు కూడా మార్కెట్లోకి వచ్చింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లూ తొట్టి పెట్టుకోగలిగారు. అయినా వాటిలో పగడం మాత్రం బతకలేదు.

బతికించినవాళ్లు లేకపోలేదు. పసిఫిక్‌లో న్యూ కలెడోనియా దీవిలో, నూమియా ఊళ్లో రెనే కతాలా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1956లో ఒక అక్వేరియం తెరిచాడు. అందులో రాతి పగడాలు హాయిగా బతికాయి. పక్కనే సముద్రం, ఎప్పుడూ కొత్త నీళ్లు ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోతూనే ఉండేవి. మన హేచరీలు తీరాన్నే వెలిసింది ఎందుకో తెలిసినవాడికి ఇందులో కిటుకు కనిపెట్టడం కష్టం కాదు. నీళ్లు మారుతూ ఉంటే నీళ్లలో ఏముందో తెలియకపోయినా పని జరిగిపోతుంది. తెలియాల్సిన అవసరం నీళ్లు ఆగినప్పుడే వస్తుంది.

జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన మరో దారి పట్టాడు. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో తన పద్ధతి రాశాడు. సముద్రపు నీళ్లు, సముద్రంలోంచి తెచ్చిన బతికున్న రాళ్లు, మెల్లగా వచ్చే గాలిబుడగలు, బాగా వెలుతురు. ఇంతే. ఫిల్టరు లేదు. రాళ్ల సందుల్లో, రంధ్రాల్లో ఉండే సూక్ష్మజీవులే మురికిని అరిగించుకుంటాయన్నది ఆయన నమ్మకం. అది నిజమని తరవాత తేలింది. కానీ చదివి ఉత్సాహపడినవాళ్లకు ఆయనకున్న ఎండ లేదు, గుమ్మం ముందు ఉష్ణమండలపు సముద్రమూ లేదు. ఎన్నో రోజులు ప్రయాణం చేసి వచ్చిన రాళ్ల మీది జీవాలు దారిలోనే చచ్చి కుళ్లిపోతే, వాటిని తొట్టిలో పెట్టినవాడికి మిగిలింది కంపు. ఇదంతా ఆ దేశంలోనే కుదురుతుందిలే అని చాలామంది వదిలేశారు. ఈ విద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా చిత్రంగా తోచేది ఇదే. జవాబులో సగం 1961లోనే అచ్చయి ఉంది. దాని విలువ తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఎండ ఎందుకంత ముఖ్యమో శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. పగడపు కండలో కంటికి కనిపించనంత చిన్న గోధుమరంగు నాచు కాపురం ఉంటుంది. వెలుతురులో అది తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికి పోతుంది. జపాన్ శాస్త్రవేత్త కవాగుతి ఆ నాచును 1944లో పగడంలోంచి వేరుచేసి చూపించాడు. జమైకాలో థామస్ గోరో రేడియోధార్మిక కాల్షియంతో ప్రయోగాలు చేసి, చీకట్లో కన్నా వెలుతురులో పగడం చాలా వేగంగా గూడు కడుతుందని 1959లో తేల్చాడు. ఇవన్నీ పరిశోధన పత్రికల్లో ఉన్నాయి. తొట్లు పెట్టుకున్నవాళ్లు చదివేవి వేరే పత్రికలు. వాళ్ల తొట్ల మీద వెలిగేవి ట్యూబులైట్లు. పగడం మూడు నాలుగు నెలలు చిక్కిపోతూ, రంగు పోయి, కండ వదిలి, కింద తెల్లటి ఎముక బయటపెట్టేది. అప్పుడు దాన్ని బ్లీచింగ్‌లో వేసి అలంకరణకు వాడుకునేవాళ్లు.

1973లో పీటర్ విల్కెన్స్ అనే ఆయన జర్మన్ భాషలో ఒక పుస్తకం వేశాడు. ఉష్ణమండలపు సముద్ర తొట్లలో వెన్నెముక లేని ప్రాణులను పెంచడం గురించి. సున్నపుతేట ఇంట్లోని తొట్లకు ఎక్కింది ఆయన చేతి మీదుగానే.

సంగతి ఇది. సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 410 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఆల్కలినిటీ, అంటే నీళ్లలోని కార్బొనేట్ల లెక్క, రొయ్యల ల్యాబ్ భాషలో చెప్పాలంటే 120 పీపీఎం దరిదాపుల్లో. పగడం ఈ రెండింటినీ కలిపి రాయి చేస్తుంది. సముద్రంలో అది ఎంత తీసుకున్నా తరగదు. రెండు మూడు వందల లీటర్ల తొట్టిలో తీసుకున్నది తీసుకున్నట్టే తరిగిపోతుంది. తొట్టి అడుగున పరిచిన పగడపు చూర ఎంత తరిగితే అంత కరిగి లోటు భర్తీ చేస్తుందని అప్పట్లో అందరూ భరోసాగా ఉన్నారు. పీహెచ్ 8 దాటిన నీళ్లలో అది కరగదు. కాల్షియం క్లోరైడ్ ఒక్కటే పోస్తే కాల్షియం పెరుగుతుంది, ఆల్కలినిటీ అడుగంటుతుంది. వంటసోడా ఒక్కటే వేస్తే దీనికి తలకిందులు. రెండూ పగడం వాడుకునే పాళ్లలోనే, వెనక అక్కర్లేని ఉప్పేదీ మిగలకుండా ఇచ్చేది సున్నపుతేట.

చేసే విధానం మన అమ్మమ్మలకు చెప్పనక్కర్లేదు. లీటరు మంచినీళ్లలో ఒకటిన్నర గ్రాముల తడిసున్నపు పొడి కలిపి మూతపెట్టి వదిలేయాలి. అంతకు మించి వేసినా కరగదు, అడుగున తెల్లగా పేరుకుంటుంది. తెల్లారేసరికి పైన నీళ్లు అద్దంలా తేరుతాయి. మూత తీసి ఉంచితే మీద పలచటి పొర కడుతుంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్లీ సున్నపురాయి అయిపోయిన భాగం, పనికిరాదు. ఆ పొర కదలకుండా తేట ఒక్కటే గొట్టంతో తీసుకుని రాత్రిపూట చుక్కచుక్కగా తొట్టిలో పడనివ్వాలి. రోజూ తొట్టిలోంచి ఆవిరయ్యే నీళ్లకు బదులు ఈ తేటే. ఒక్కసారిగా గుమ్మరిస్తే పీహెచ్ ఎగదన్ని నీళ్లు పాలలా విరిగిపోతాయి, తొట్టెడు ప్రాణులు చస్తాయి. రాత్రే ఎందుకంటే, చీకట్లో అన్ని ప్రాణులూ వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ దిగుతుంది, సున్నం దాన్ని పట్టి నిలుపుతుంది. గుంటలో తెల్లవారుజామున పీహెచ్ చూసే రైతుకు ఈ ముక్క వివరించక్కర్లేదు.

సున్నం దొరికాక మిగతావి బెర్లిన్‌లో ఒకచోట చేరాయి. 1980ల్లో అక్కడి అభిరుచిదారులు, వాళ్లలో ముఖ్యంగా డీట్రిష్ స్ట్యూబర్, లీ చిన్ ఎంగ్ బతికున్న రాళ్లను మళ్లీ పట్టుకున్నారు. మీద దుకాణాలకూ ఆటస్థలాలకూ వాడే మెటల్ హాలైడ్ దీపాలు పెట్టారు. సున్నపుతేట చుక్కలు సరే. వీటికి తోడు స్కిమ్మర్. సన్నటి గాలిబుడగలను ఒక గొట్టంలో తిప్పితే నీళ్లలోని జిగురు, మురికి బుడగలకు అంటుకుని నురగై పైకి తేలుతుంది. బెల్లం పాకం మీద తెట్టు తీసినట్టు దాన్ని గిన్నెలోకి లాగి పారబోస్తారు. మురికి కుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు కాకముందే బయటికి పోతుంది.

ఇక్కడే రొయ్యల రైతు లెక్క తప్పుతుంది. గుంటలో నీళ్లకు రంగు రావాలి, ప్లాంక్టన్ పట్టాలి, నీళ్లలో బలం ఉండాలి. పగడానికి బలమైన నీళ్లు పనికిరావు. నీళ్లలో ఎరువు పెరిగితే కండలోని నాచు విజృంభించి పగడం మట్టిరంగుకు తిరుగుతుంది, రాళ్ల మీద వేరే నాచు పెరిగి దాన్ని కప్పేస్తుంది, ఫాస్ఫేటు గూడు కట్టడానికే అడ్డం పడుతుంది. అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో 'మినీ రీఫ్' మోజు పుట్టి, ప్లాస్టిక్ బంతుల మీదుగా నీళ్లు జారే ఫిల్టర్లు ఇంటింటా వెలిశాయి. అవి అమ్మోనియాను చకచకా నైట్రేటు చేసేవి. నైట్రేటు మాత్రం తొట్టిలోనే పోగుపడేది. వాటిలో మెత్తని పగడాలు బతికాయి, రాతి పగడాలు బతకలేదు. అంతకుముందే, 1980లో, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వాల్టర్ ఏడీ నాచునే పెంచి నీళ్లు శుభ్రం చేసే ఏర్పాటుతో ఒక దిబ్బను ప్రదర్శనకు పెట్టాడు. నీస్ విశ్వవిద్యాలయపు జాన్ జోబెర్ మందపాటి ఇసుక పరుపు కింద నీళ్ల ఖాళీ వదిలి నైట్రేటును అక్కడే హరించే పద్ధతి కట్టాడు. 1989లో మొనాకో సముద్ర మ్యూజియం ఆ పద్ధతిలోనే పెద్ద తొట్టి పెట్టింది.

కానీ ఇళ్లలోకి పాకింది బెర్లిన్ పద్ధతే. అందుకు కారణం స్ట్యూబర్ పగడం. కొమ్ముల్లా కొమ్మలేసే అక్రోపోరా రకం, అన్నిటికన్నా మొండిదని పేరు. ఆయన తొట్టిలో అది బతకడమే కాదు, గాజుకు తగిలేంత పెరిగింది. కొమ్మలు విరిచి తోటివాళ్లకు పంచాడు. మునగకొమ్మ విరిచి నాటితే మొలిచినట్టే మొలిచింది. వేలెడు ముక్కను రాయికి జిగురుతో అంటించి పెడితే, కొన్ని వారాల్లో కింది కండ పాకి జిగురును కప్పేసి రాయిని పట్టుకుంటుంది. ఆ తర్వాత కొస తెల్లబడుతుంది. తెల్లబడిన కొస చూసి మొదట్లో చస్తోందని బెంబేలెత్తినవాళ్లున్నారు. అది పెరుగుతున్న చోటు, నాచు ఇంకా అక్కడిదాకా ఎక్కలేదంతే. అలా ఒకే తల్లి పగడపు ముక్కలు యూరప్‌లో ఎన్నో ఇళ్లకు చేరి, అక్కడినుంచి అట్లాంటిక్ దాటాయి. 1994లో చార్ల్స్ డెల్‌బీక్, జూలియన్ స్ప్రంగ్ కలిసి రాసిన పుస్తకం ఈ పద్ధతులన్నీ ఇంగ్లీషులో ఒకచోట పెట్టేసరికి అమెరికన్లు ప్లాస్టిక్ బంతులు తీసి పారేశారు.

తొట్టి నిండా పగడాలు పెరిగాక సున్నపుతేట చాలలేదు. ఆవిరయ్యే నీళ్ల కన్నా ఎక్కువ పోయలేరు కదా. అప్పుడు జర్మనీలోనే, పగడపు చూరను గొట్టంలో పోసి బొగ్గుపులుసు వాయువుతో కరిగించి ఆ నీళ్లను తొట్టికి ఇచ్చే రియాక్టర్లు వచ్చాయి. తొట్టి అడుగున కరగనిది ఇక్కడ పీహెచ్ దించితే కరిగింది. హాన్స్ వెర్నర్ బాలింగ్ అనే ఆయన కాల్షియం క్లోరైడ్, వంటసోడా విడివిడిగా కొలతతో పోస్తూ, మిగిలే ఉప్పును ఇంకో మిశ్రమంతో సరిచేసే లెక్క కట్టాడు. ఇప్పుడు చాలా తొట్లు ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.

మన దేశంలో ఈ కథ తిరగబడి నడిచింది. పులికాట్ సరస్సు అడుగున తవ్విన గుల్లను కాల్చి గుల్లసున్నం చేసిన ప్రాంతం మనది. మన్నార్ సింధుశాఖలో అయితే పగడపు దిబ్బలనే పగలగొట్టి, ఎండబెట్టి, సున్నపు బట్టీలకు తోలారు. విల్కెన్స్ సున్నంతో పగడాన్ని పెంచుతున్న రోజుల్లోనే అక్కడ పగడంతో సున్నం చేస్తున్నారు. 1986లో అక్కడి దీవులు జాతీయ పార్కు అయ్యాయి. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న జాబితాలోనే చేర్చారు. కాబట్టి పీహెచ్, ఆల్కలినిటీ, ఉప్పు శాతం వేళ్ల మీద ఉన్న మన హేచరీ టెక్నీషియన్ ఎంత సరదాపడినా ఇంట్లో తొట్టిలో అక్రోపోరా ముక్క పెట్టడానికి లేదు. ఆ నిషేధం అక్కర్లేనిదని నేను అనను, దిబ్బల మీద తవ్విన గుంతలు ఇంకా పూడలేదు. తూత్తుకుడిలో సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవాళ్లు 2002 నుంచీ బతికున్న పగడపు ముక్కలు తీసి, సిమెంటు చట్రాలకు కట్టి, పాడైపోయిన దిబ్బల దగ్గర సముద్రంలోనే నాటుతున్నారు. బెర్లిన్ ఇళ్లలో చేసిన పనే, కాకపోతే ఇక్కడ సున్నం, వెలుతురు సముద్రమే ఇస్తుంది.