సంజీవరెడ్డి ఊళ్లో రేడియో

1969 ఆగస్టు 20, బుధవారం. అనంతపురంలో ఓ కాఫీ హోటలు. బెంచీల మీద చోటు లేక మీరు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అందరి చెవులూ గూట్లోని రేడియో మీదే. ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కపెడుతున్నారు. ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువాళ్లే: బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, ఈ జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి.

"మనోడు కాంగ్రెస్ అభ్యర్థి గదప్పా, యాడ ఓడిపోతాడు?" అంటాడు మీ పక్కనున్న పెద్దాయన.

ఆయన లెక్కలో తప్పేం లేదు. ఓట్లేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. వాళ్లలో కాంగ్రెస్ వాళ్ల టికెట్లు తేల్చింది 'సిండికేట్' అనే పార్టీ పెద్దల ముఠా: కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్. మార్పు వద్దని వీళ్లెప్పుడూ అనరు. కమిటీకి అప్పగిస్తారు, మెత్తబరుస్తారు. బ్యాంకుల సంగతే చూడండి, 1967 తీర్మానంలో అది 'సామాజిక అదుపు' దగ్గరే ఆగింది. మొన్న జులైలో బెంగళూరులో ప్రధాని ఇందిర జగ్జీవన్‌రామ్ పేరు ముందుకు తెస్తే పార్టీ బోర్డులో 4–2 ఓట్లతో తోసేసి సంజీవరెడ్డిని నిలబెట్టారు. వారం తిరక్కుండానే మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థికశాఖ పోయింది, 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఆ ఆర్డినెన్సు మీద సంతకం తాత్కాలిక రాష్ట్రపతి గిరిదే! తర్వాత ఇందిర నోట వచ్చిన మాట 'అంతరాత్మ ప్రబోధం': అంటే పార్టీ అభ్యర్థిని కాదని గిరికైనా ఓటేయొచ్చని.

రేడియో గరగరలాడుతుంది. తొలి లెక్కలో గిరి 4,01,515, రెడ్డి 3,13,548. గెలవాలంటే 4,18,169 కావాలి. ఇక మూడో స్థానంలో ఉన్న దేశ్‌ముఖ్‌కి పడ్డ ఓట్లలో రెండో ప్రాధాన్యం చూడాలి. ఆయన్ని నిలబెట్టిన జనసంఘ్, స్వతంత్ర పార్టీల దగ్గరికి కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్లింది ఆ ఓట్ల కోసమే. అవి చాలావరకు రెడ్డికే వచ్చాయి. అయినా చాల్లేదు. గిరి 4,20,077, రెడ్డి 4,05,427.

మూలనున్న కుర్రాళ్లు ఈలలేస్తారు. సిండికేట్ కూలిందని వాళ్ల సంబరం. నవంబరులో నిజలింగప్ప ఇందిరనే పార్టీ నుంచి వెళ్లగొడతాడనీ, 1971లో ఆమెకు 352 సీట్లొస్తే సిండికేట్‌కి 16 మిగులుతాయనీ మీకు తెలుసు. ఆ తర్వాత ముఖ్యమంత్రుల పేర్లు ఆమె ఇంట్లోనే తేలతాయనీ తెలుసు. వాళ్లకేం చెబుతారు?

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పక్కవాణ్ని అడుగుతున్నాడు: "అది సరే గానీ, మన ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి యా పక్కంట? ముందు అది కనుక్కో."