స్టోరేజి ఏరియా నెట్‌వర్క్: చరిత్ర, పరిభాష

స్టోరేజి ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా శాన్, సర్వర్లను డిస్కులతో కలపడం కోసమే వేసే ప్రత్యేక నెట్‌వర్క్. డేటా సెంటర్లలో నిల్వ గురించి వినబడే మాటల్లో చాలా భాగం దీని చుట్టూ పుట్టినవే. డిస్కు సర్వరు పెట్టెలోంచి బయటికి ఎందుకు రావలసి వచ్చిందో తెలిస్తే ఆ మాటలు అంత కష్టమేమీ కాదు.

ఉదాహరణకు, విజయనగరం జిల్లా శృంగవరపుకోట చుట్టుపక్కల పొలమో ఇంటి స్థలమో కొనేవారు ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు అందులో తేలతాయి. ఒకప్పుడు దీనికోసం రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో పాత ఇండెక్సు పుస్తకాలు తిరగేసేవారు. కొత్త దస్తావేజులను గుమస్తాలు చేత్తో రిజిస్టరులోకి ఎక్కించేవారు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 ఆఫీసుల్లో ‘కార్డ్’ పథకం మొదలయ్యాక ఆ పని కంప్యూటరుకు వచ్చింది. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికందింది.

అప్పట్లో ఏ ఆఫీసు సర్వరు ఆ ఆఫీసుదే. సర్వరుకే నేరుగా తగిలించిన ఇలాంటి నిల్వను డాస్ అంటారు. చిన్న ఆఫీసుకు ఇప్పటికీ అంతకన్నా సులువైన ఏర్పాటు లేదు. చిక్కల్లా, సర్వరు మూలపడితే సమాచారమూ దానితోపాటే ఇరుక్కుపోతుంది. ఒకచోట డిస్కు నిండిపోతే ఇంకోచోట ఖాళీగా ఉన్న జాగా అక్కరకు రాదు.

డిస్కు చరిత్ర అంతకన్నా పాతది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే అమెరికాలో ఐబీఎం రామాక్ కంప్యూటరుతో తొలి హార్డ్ డిస్కు బయటికొచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, బరువు టన్ను దాకా, పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ 5 మెగాబైట్లను అయిదుంపావు అంగుళాల డ్రైవులో ఇమిడ్చింది. డిస్కులు చిన్నవై, చవకై, చాలా అయ్యాయి. చాలా డిస్కులున్నచోట ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుంది.

దీనికి జవాబే చాలా డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్. బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రం దాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. రెయిడ్ 1లో ప్రతి అక్షరమూ రెండు డిస్కుల్లో ఉంటుంది. రెయిడ్ 5 తెలివైన లెక్క. మూడు డిస్కుల్లో ఒకే స్థానంలో 1, 0, 1 ఉన్నాయనుకుందాం. ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయి కనుక నాలుగో డిస్కులో 0 రాస్తారు. దాని పేరు పారిటీ. మూడో డిస్కు పోయిందా, మిగిలిన 1, 0, 0లలో ఒకట్లు బేసి అయ్యాయి, కాబట్టి పోయినది 1. ఇలా బిట్టు బిట్టూ లెక్కగట్టి కొత్త డిస్కులో నింపడమే రీబిల్డ్. ముందే సిద్ధంగా ఉంచే ఖాళీ డిస్కు హాట్ స్పేర్. రెయిడ్ 6 రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. అయితే రెయిడ్ ఎన్నటికీ బ్యాకప్ కాదు. ఎవరో పొరపాటున చెరిపేసిన రికార్డు అన్ని డిస్కుల్లోనూ ఒక్కసారే చెరిగిపోతుంది.

డిస్కుల బీరువాను సర్వరుకు దూరంగా పెట్టాలంటే అప్పటి స్కజీ కేబుల్ చాలలేదు. అది కొన్ని మీటర్లు, పదహారు పరికరాల దగ్గర ఆగిపోతుంది. 1994లో ప్రమాణంగా ఖరారైన ఫైబర్ ఛానెల్ కిలోమీటర్ల దూరానికి దారి తెరిచింది. అవతలివైపు జాగా ఉందని తెలిశాకే ఇందులో ఫ్రేము అనే డేటా మూట బయలుదేరుతుంది. ఆ అనుమతే బఫర్ క్రెడిట్.

సర్వరులో ఉండే కార్డు హెచ్‌బీఏ. అది ఇనిషియేటర్, నిల్వ బీరువా టార్గెట్. మధ్యనున్న స్విచ్చుల అల్లికను ఫ్యాబ్రిక్ అంటారు. ప్రతి పోర్టుకూ డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే 64 బిట్ల గుర్తింపు ఉంటుంది. బీరువాలోని జాగాను ముక్కలుగా కోసి సర్వర్లకు కేటాయిస్తారు. ఆ ముక్క లన్. ఒక సర్వే నంబరు సబ్ డివిజన్లయి వేర్వేరు పాసుపుస్తకాల్లోకి ఎక్కినట్టే ఇదీను. ఒకే లన్‌లో రెండు సర్వర్లు ఒకదానికొకటి తెలియకుండా రాస్తే మొత్తం పాడవుతుంది. అందుకే ఏది దేన్ని చూడవచ్చో స్విచ్చులో జోనింగ్, బీరువాలో లన్ మాస్కింగ్ కట్టడి చేస్తాయి. ఒక తీగ తెగినా పని ఆగకుండా రెండు దారులు ఉంచడం మల్టీపాత్.

శాన్ సర్వరుకు బ్లాకులు, అంటే డిస్కులోని ముడి ముక్కలు, ఇస్తుంది. మామూలు నెట్‌వర్క్‌కే తగిలించే నిల్వ పెట్టె నాస్ నేరుగా ఫైళ్లే ఇస్తుంది. 2004లో ప్రమాణమైన ఐస్కజీ మామూలు ఈథర్నెట్ మీదే శాన్ నడిపించింది. 2016లో ఫ్లాష్ డిస్కుల కోసం ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ వచ్చింది.

నిల్వను ఒకచోట చేర్చితే ముప్పూ ఒకచోటే చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా కూడా అతలాకుతలమైంది. కరెంటు, ఫోన్లు పోయాయి. ఇలాంటి ముప్పుకు విరుగుడుగా దూరంగా మరో ప్రతి ఉంచే రెప్లికేషన్‌లో అసలు చర్చ దూరం గురించే. సింక్రనస్ పద్ధతిలో రెండుచోట్లా రాసినట్టు కబురొచ్చాకే పని పూర్తయినట్టు. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 100 కిలోమీటర్లకు రానూపోనూ ఒక మిల్లీసెకను. దూరం పెరిగినకొద్దీ ప్రతి రాతా నెమ్మదిస్తుంది. దగ్గర్లో పెడితే రెండు ప్రతులూ ఒకే తుఫాను దారిలో పడవచ్చు. కోస్తాలో, అవతలి కబురు కోసం ఆగని అసింక్రనస్ పద్ధతిలో లోతట్టున ఇంకో ప్రతి ఉంచి తీరాలి. చివరి కొన్ని క్షణాల రాతలు పోయినా మిగతా అంతా దక్కుతుంది.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రం ప్రకటించింది.  ఇంత పెద్ద కంపెనీలు మాత్రం శాన్ కాకుండా వేరే దారి పట్టాయి. గూగుల్ 2003లో వివరించిన ఫైల్ సిస్టమ్‌లో చవక డిస్కులు మళ్లీ సర్వర్ల లోపలే ఉండేవి. 64 మెగాబైట్ల ముక్కలను మూడేసి సర్వర్లలో ఉంచే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది.