లుకేమియా వెంట పడితే థైమస్ కథ బయటపడింది

మదనపల్లె వాళ్లకి ఆరోగ్యవరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1915లో అక్కడ టీబీ శానిటోరియం మొదలైంది. టీబీకి మందే లేని రోజులు. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో కూడా మదనపల్లె ఉంది. ఆ టీకా పనిచేసేది ముఖ్యంగా మన ఒంట్లోని టీ కణాల వల్ల. తమాషా ఏంటంటే, టీ కణాలు అనేవి ఉన్నాయని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు!

అది తెలిసింది ఎలకల బ్లడ్ క్యాన్సర్ వల్ల.

ఛాతీ ఎముక వెనక, గుండెకి కొంచెం పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నపిల్లల్లో పెద్దగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. దానివల్ల ఉపయోగం ఏమీ లేదనే చాలామంది డాక్టర్లు అనుకునేవాళ్లు. 1944లో అమెరికాలో జేకబ్ ఫర్త్ బృందం, లుకేమియా ఎక్కువగా వచ్చే జాతి ఎలకల్లో థైమస్ తీసేసి చూసింది. చాలావాటికి జబ్బు రాలేదు.

తర్వాత లండన్‌లో జాక్ మిల్లర్. ఈయన అక్క చిన్న వయసులోనే టీబీతో చనిపోయింది. పాత గుర్రపుశాలలో ఎలకల్ని పెట్టుకుని పనిచేశాడు. లుకేమియా వైరస్ ఎక్కించిన ఎలకల్లో థైమస్ తీసేస్తే జబ్బు రాలేదు. నెలల తర్వాత వేరే ఎలక థైమస్ అతికిస్తే? వచ్చేసింది! అంటే వైరస్ అన్నాళ్లూ లోపలే ఉంది, దానికి కావలసిన చోటే లేదు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చే ప్రయోగం ఇదే. ఆ తర్వాత పుట్టిన వెంటనే థైమస్ తీసేసిన ఎలకలు ఇన్ఫెక్షన్లతో చిక్కి చచ్చిపోయాయి. 1961లో ఆయన తేల్చింది ఇదీ: రోగనిరోధక శక్తికి థైమస్ కావాలి. టీ కణాల్లో ‘టీ’ అంటే థైమస్సే.

మరి ఆ చోటులో ఏముంది? లేత కణాలు ఎముక మజ్జ నుంచి అక్కడికి వస్తాయి. చుట్టూ ఉన్న థైమస్ కణాలు వాటికి ‘పెరుగు’, ‘టీ కణంగా మారు’ అని సంకేతాలు ఇస్తాయి. అందులో ముఖ్యమైనది నాచ్. 2004లో తెలిసిందేంటంటే, టీ కణ లుకేమియా రోగుల్లో సగానికి పైగా ఈ నాచ్ జన్యువే చెడి ఉంది, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయినట్టు. 2016లో ఎలకల మీద జరిగిన ఇంకో పరిశోధనలో, థైమస్‌లోని డెండ్రైటిక్ కణాలే క్యాన్సర్ కణాలకి బతకడానికి ఊతం ఇస్తున్నాయని తేలింది. ఇంట్లోవాళ్లే దొంగకి అన్నం పెట్టినట్టు.

అయితే థైమస్ కోసి తీసేస్తే సరిపోతుందా? మనుషుల్లో కుదరదు. జబ్బు తెలిసేసరికే అది రక్తంలోకి, మజ్జలోకి పాకి ఉంటుంది. అందుకే కీమో. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. ఆయన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ని టీ కణ లుకేమియాకి ఇప్పటికీ వాడుతున్నారు.

పుంగనూరు, కుప్పం వైపు చూస్తున్న వాళ్లకి ఒక మాట. ఈ జబ్బులో చాలాసార్లు ఛాతీలో థైమస్ దగ్గర గడ్డ పెరుగుతుంది. ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, మొహం ఉబ్బడం, మెడలో గడ్డలు. ఆస్తమా అనో టీబీ అనో పొరపాటు పడొచ్చు. ఆస్తమా అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే గడ్డ కొన్నాళ్లు కరిగి అసలు జబ్బు దాక్కుంటుంది. ఇలాంటి లక్షణాలుంటే స్టెరాయిడ్ కంటే ముందు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయమని డాక్టర్ని అడగండి.