నిజాం గ్యారంటీ రైల్వే: బండి కంపెనీది, పూచీ ఖజానాది

చెల్పూర్ వాళ్లు రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి, వరంగల్‌కో కాజీపేటకో. ఆ వరంగల్‌కు 1886లో రైలు తెచ్చింది సర్కారు కాదు, ఓ ప్రైవేటు కంపెనీ. 1883 నాటి ఒప్పందంతో పుట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ అది. డబ్బు లండన్ మదుపరులది. వాళ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నిజాం ఖజానా పూచీ. రాబడి తగ్గితే లోటు పూడ్చాల్సింది ఖజానాయే. పేరులో ‘గ్యారంటీ’ అక్కడిదే.

చందా రైల్వే పథకం అనే ఈ ప్రతిపాదన షరతులేమిటో జనానికి చెప్పండని హైదరాబాద్‌లో అప్పుడే అడిగారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ అందులో ముందున్నారు. 1883 మేలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచే పంపించేశారు. లెక్క అడిగినందుకు!

1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కొనేసింది.

మళ్లీ 2020లో రైల్వే శాఖ 151 ప్రైవేటు రైళ్లకు, 35 ఏళ్ల గడువుతో, బిడ్లు పిలిచింది. సికింద్రాబాద్ క్లస్టర్ కూడా అందులో ఉంది. టికెట్ ధర నడిపేవాళ్ల ఇష్టం. కానీ ఈసారి ఖజానా పూచీ లేదు, పైగా రాబడిలో రైల్వేకు వాటా ఇవ్వాలి. 2021లో బిడ్లు వేసింది ఇద్దరే: హైదరాబాద్‌కు చెందిన మేఘా, ప్రభుత్వ సంస్థే అయిన ఐఆర్‌సీటీసీ. ఆ టెండర్లు ముందుకు సాగలేదు.