వేటభూమి విహారస్థలమైన కథ

వైద్యులు అతి సులభంగా చెప్పే సలహా "రోజూ నడవండి" అన్నది. అందుకు రోగి నుంచి వచ్చే ఎదురు ప్రశ్న కూడా అంత సహజమైనదే: "ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ? కాలిబాట మీద దుకాణాలు, రోడ్డు మీద లారీలు!" ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. నడకకు కాళ్ళు ఎంత అవసరమో, నేల కూడా అంతే అవసరం. కనుక ఈనాడు ఆరోగ్యసూత్రాల కంటే ముందు, హైదరాబాదు వాసులకు అందుబాటులో ఉన్న ఒక నేల చరిత్రను మీకు చెప్పదలచాను.

విజయవాడకు పోయే జాతీయ రహదారి పక్కన, వనస్థలిపురాన్ని ఆనుకొని, మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే 3600 ఎకరాల పైమాటే. ఎక్కడానికి కొండలు లేవు, దిగడానికి లోయలు లేవు. పసిపిల్లలు, వారి తాతయ్య, అమ్మమ్మలు కలిసి నడవగల సమతలమైన నేల. నేడు ఇంటిల్లిపాదీ విహరించే ఈ చోటు ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. వేట ఎలా నడకగా మారిందో తెలియాలంటే ముందు ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి.

ఆ మాట "విహారయాత్ర". మనం దానిని ఎంతో ఆహ్లాదకరమైన అర్థంలో వాడుతున్నాం. కాని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో రాజుల విహారయాత్ర అంటే అందులో ప్రధానమైనది మృగయావినోదం, అనగా వేట. ఈ సంగతి మనకు చెప్పినవాడు సాక్షాత్తు అశోక చక్రవర్తి. పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలకు వెళ్ళేవారనీ, తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్ళ తరువాత బోధివృక్షమున్న చోటికి వెళ్ళాననీ, నాటి నుంచి ధర్మయాత్రలు మొదలైనాయనీ తన ఎనిమిదవ శిలాశాసనంలో ప్రకటించాడు. ఈ శాసనాన్ని చూడడానికి మనం ఉత్తరదేశం పోనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని ప్రధాన శిలాశాసనాలు నేటికీ ఉన్నాయి.

ఆ శాసనాల వరుసలోనే రెండవది వైద్యులందరూ చదవవలసినది. మనుషులకూ, పశువులకూ వేర్వేరుగా చికిత్స ఏర్పాటు చేయించాననీ, ఔషధమూలికలు లేనిచోట తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ అందులో చెప్పాడు. చికిత్స, చెట్టు, నీరు, బాట ఈ నాలుగూ ఒకే శాసనంలో చోటు చేసుకొనడం గమనించండి. ఆరోగ్యం ఆసుపత్రి గోడల మధ్యనే తయారు కాదన్న ఎరుక మనకు కొత్తగా వచ్చింది కాదు.

అయితే రాజులు మారినా వేట ఆగలేదు. మైదానాలలో గుంపులు గుంపులుగా తిరిగే కృష్ణజింక మొగలుల కాలంలోనూ, ఆ తరువాతి సంస్థానాలలోనూ వేటగాళ్ళకు ఇష్టమైన గురి. మచ్చిక చేసిన చీతాలను బండ్ల మీద తీసుకుపోయి జింకల మీదికి వదిలే వేడుక హైదరాబాదు సంస్థానంలో కూడా ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వేటలో పేరుమోసినవాడు. ఆయన కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాలు నాటి వైభవానికీ, నాటి నష్టానికీ కూడా సాక్ష్యాలు. వేటాడించిన చీతా మన దేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించారు. వేటకు గురైన కృష్ణజింక అదృష్టవశాత్తు మిగిలింది. అయినా బీళ్ళు సేద్యానికి వచ్చినకొద్దీ దాని మందలు పలచబడిపోయాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. రాజు వేటకోసం ప్రత్యేకించుకొన్నందువల్లనే కొన్ని నేలలు నాగలికి, ఇళ్ళ స్థలాలకు దొరకకుండా మిగిలాయి. స్వార్థం కోసం కట్టిన కంచె తరువాతి తరాలకు అనుకోని వరమైంది. కాని కంచె ఒక్కటే చాలదు. దానికి చట్టం తోడు కావాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకకు అందులో మొదటి షెడ్యూలులో, అంటే అత్యున్నత రక్షణ పొందే జంతువుల సరసన స్థానం దక్కింది. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా 1975లో ఈ పాత వేటస్థలం జింకల వనమై, అహింసను పరమధర్మంగా బోధించిన ఆ మహనీయుని పేరు పెట్టుకొన్నది. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. తుపాకి పేలిన నేలకు ఇంతకంటె తగిన పేరు మరొకటి దొరకదు.

మీ పిల్లలకు చూపవలసిన విశేషం ఒకటి ఉన్నది. మనం అన్నింటినీ జింకలే అంటాం గాని, కృష్ణజింక వేరు, దుప్పి వేరు. దుప్పి మగదాని కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక మగదాని కొమ్ములు మరమేకులా మెలితిరిగి, బ్రతికినంతకాలం ఉంటాయి. పెరిగిన మగది నలుపు తిరిగి, కడుపు తెల్లగా ఉంటుంది. ఆడవి లేత గోధుమవన్నె. పాత తెలుగులో మగదానిని ఇర్రి అన్నారు, ఆడదానిని లేడి అన్నారు. ఉపనయనంలో వటువు ధరించే కృష్ణాజినం దీని చర్మమే. ఉమ్మడి రాష్ట్రానికి రాష్ట్రజంతువైన కృష్ణజింక నేటికీ ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రజంతువుగా ఉన్నది. 2014 తరువాత తెలంగాణ దుప్పిని ఎన్నుకొన్నది. దట్టమైన అడవి కృష్ణజింకకు సరిపడదు. ప్రమాదాన్ని దూరం నుంచే చూసి పరుగెత్తి తప్పించుకొనే ప్రాణి గనుక దానికి విశాలమైన పచ్చిక కావాలి. "ఇది ఖాళీ జాగాయే కదా" అని మనం అనుకొనే గడ్డినేలే దాని ఇల్లు.

ఇక వైద్యుని మాట. నగరాలలో ఉద్యానవనాల ఉద్యమం మొదలైనది కూడా మరణాల లెక్కల నుంచే. 1839లో ఇంగ్లండు జనన మరణాల నమోదు శాఖ తొలి నివేదికలో విలియం ఫార్, లండన్ తూర్పుభాగంలో ఒక పార్కు ఏర్పడితే ఏటా వేల మరణాలు తగ్గుతాయని వాదించాడు. మరుసటి ఏడు సుమారు 30 వేలమంది సంతకాలతో రాణికి విన్నపం వెళ్ళింది. 1845లో విక్టోరియా పార్కు ప్రజలకు తెరుచుకొన్నది. మరో వందేళ్ళకు, 1953లో, జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సులను పరిశీలించి, రోజంతా కూర్చొనే డ్రైవర్ల కంటె మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపాడు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమనూ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమనూ సూచిస్తున్నది. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తక్కువని కూడా పరిశోధనలు తేల్చాయి. దూరాన మేస్తున్న లేడిని వెదకే పిల్లవాడి కళ్ళు ఆ కాసేపూ ఫోనుకు దూరంగా ఉంటాయి.

కుటుంబంతో వెళ్ళేవారికి కొన్ని సూచనలు. ప్రవేశ వేళలు ముందుగా తెలుసుకొని, ఉదయపు చల్లదనంలోనే వెళ్ళండి. మంచినీరు ఎక్కువగానే తీసుకుపోండి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు ఖాళీకడుపుతో నడవరాదు. జేబులో కొంచెం చక్కెర లేదా గ్లూకోజ్ ఉంచుకోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లే. మాట తెగిపోతున్నదంటే తగ్గించండి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే వెంటనే నిలిచిపోయి వైద్యసహాయం కోరండి. పాదాన్ని కప్పే బూట్లు వేసుకొని, గడ్డిలోకి దిగక బాట మీదనే నడవండి. పాములున్న నేల అది.

జంతువులకు ఏమీ పెట్టకండి. బిస్కట్టు పెట్టడం దయ అనిపిస్తుంది గాని, గడ్డి అరిగించుకొనే కడుపుకు అది హాని. అంతకంటె ప్రమాదం మనం పారవేసే ప్లాస్టిక్ సంచి. మేత వాసన అంటుకొన్న సంచిని జింక మింగితే అది కడుపులో ఉండచుట్టుకొని మేత సాగనివ్వదు. కనుక మీరు తీసుకుపోయిన ప్రతి కాగితమూ, ప్రతి సీసా మీతోనే తిరిగి రావాలి.

ఈ వనం చుట్టూ ఇప్పుడు ఊరు మూసుకొన్నది. ఒకవైపు రహదారి, మరోవైపు ఆటోనగర్, మిగిలినచోట్ల కాలనీలు. పూర్వం మేత కరువైతే జింకలు మరో బీటికి తరలిపోయేవి. ఇప్పుడు వాటికి పోవడానికి చోటు లేదు. లోపల ఎకరం తగ్గితే వాటికి ఎకరం పోయినట్లే, మనకు నడిచే నేలా అంత పోయినట్లే. నిజాం కాలంలో ఈ నేలను కాపాడింది ప్రభువు ఆజ్ఞ. తరువాత కాపాడినది చట్టం. ఇక ముందు ఆ చట్టాన్ని నిలబెట్టవలసినది ఇక్కడ నడిచి, పిల్లలకు ఇర్రిని, లేడిని చూపించిన కుటుంబాలే. చూడని దానికోసం ఎవరూ గొంతెత్తరు. అందుకే వచ్చే ఆదివారం మీ ఇంటి పెద్దలనూ, పిల్లలనూ వెంటబెట్టుకొని ఒకసారి వెళ్ళి రండి.